మా పెరట్లో చన్నీళ్ళ చేపలు

మా ఇంట్లో చేపను ఎవరూ ముట్టరు. మేం వైశ్యులం. నీసు వాసన తగిలితే చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్క వీధిలోంచి పోయే వంశం. అట్లాంటి ఇంటి పెరట్లో బతికున్న చేపలు తెచ్చిపెట్టి, వాటికి నీళ్ళు చల్లబరిచే యంత్రం కూడా బిగించిన మహానుభావుడు మా ఆయన వీరరాఘవులు. చెన్నై పెరంబూరులో మా వీధి వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఆ చేపలు చస్తే మా ఇంట్లో ఇంకేం చస్తుందో వాళ్ళకేం తెలుసు?

మా ఆయనకు జార్జిటౌన్‌లో పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉండేది. భాగస్వామి సొంత పెదనాన్న కొడుకే. ఆ పెద్దమనిషి ఒకరోజు కొట్టు మొత్తం తన పేరున రాయించుకుని, 'తమ్ముడూ, నువ్వింక విశ్రాంతి తీసుకో' అన్నాడు. ఇంకొకరైతే వీధిలోకి ఈడ్చి ఉండేవాళ్ళు. మా ఆయన పెద్దవాళ్ళకు ఎదురు చెప్పి ఎరుగడు. తలూపి, చెప్పులేసుకుని ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మింగిన కోపం గొంతులోనే ఇరుక్కున్నట్టుంది, ఆ రోజునుంచి నోరు మూతపడింది. అన్నం పెడితే ఊఁ, మందు ఇస్తే ఊఁ. డాక్టర్లు జబ్బేం లేదన్నారు. జబ్బు లేని మనిషి ఏడాది పొడుగునా గోడకేసి చూస్తూ కూర్చుంటే పెళ్ళానికి ఎట్లా ఉంటుందో ఏ డాక్టరూ రాయలేదు.

గాలి మార్పు ఉంటే మంచిదని నేనూ, మా ఆడబిడ్డ ఇందిర వదినా కలిసి ఆయన్ని ఊటీ తీసుకుపోయాం. వదిన ఆయనకు పెద్దక్క. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది. భర్త పోయినప్పటినుంచి మా దగ్గరే ఉంటుంది. నాకూ ఆమెకూ ఉప్పూ నిప్పూ, ఆ సంగతి తర్వాత. ఆ కొండల్లో ట్రౌట్ చేపల్ని పెంచే చోటుకు ఆటోవాడు తీసుకుపోయాడు. మంచులాంటి నీళ్ళలో, ఒంటినిండా చుక్కలతో, ఏటికి ఎదురీదుతున్నాయి. మా ఆయన తొట్టి గట్టు పట్టుకుని నిలబడి అక్కడి మనిషిని అడిగాడు, "ఇవి వేడి ఊళ్ళో బతకవా?" అని.

నేనూ వదినా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత ఇంకో ప్రశ్న. ఇంకోటి. బస్సు కొండ దిగేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. వదిన చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఒక్కరోజు మాత్రం ఆమె చెయ్యి నేను పట్టుకున్నాను.

అట్లా వచ్చాయి మా ఇంటికి చేపలు. మాధవరంలో ఈ పనులు చేసే కార్తీ అనే అబ్బాయి వచ్చి నీలం తొట్టి పెట్టాడు, చుట్టూ థర్మోకోల్ చుట్టాడు, చలవ యంత్రం బిగించాడు. తొట్టి పక్కనే మట్టి గుళికలు నింపిన పెద్ద డ్రమ్ము. చేపల మురికినీళ్ళు ఆ డ్రమ్ములోకి పోతాయి, అందులోని సూక్ష్మజీవులు మురికిని ఎరువుగా మారుస్తాయి, ఆ నీళ్ళు పాలకూర, పుదీన మడులకు పారి, శుభ్రపడి మళ్ళీ తొట్టిలోకి వస్తాయి. మట్టి లేకుండా కూర పండుతుంది. చేపల్ని మేం తినం, అవి మాకు కూర పండించి పెట్టే పనివాళ్ళు, అంతే. వదిన మాత్రం ఆ కూర ముట్టేది కాదు. "చేపల కడుగు తాగి పెరిగిన ఆకు నా విస్తట్లో వేస్తే నీకు పాపం చుట్టుకుంటుంది" అని నన్నే శపించేది.

నాకు కూర ఎవరికి కావాలి! ఆయన పొద్దున లేస్తే చాలు, "కన్యకా, నీళ్ళ చల్లదనం చూసినావా? కన్యకా, మేత ఎక్కువ వేసినావు, ఆడ చూడు తేలతా ఉండాది!" అని పెరడు ఎగిరిపోయేలా కేకలు. నేను పైకి విసుక్కునేదాన్ని. లోపల మాత్రం కొబ్బరికాయలు కొట్టుకునేదాన్ని.

చేపలు అరచేయంత అయ్యాక మొదలైంది. ఒక శనివారం పొద్దున ఒకటి వెల్లకిలా తేలింది. పోతే పోయిందిలే, జీవమన్నాక పోదా అన్నాను. పై శనివారం రెండు. మిగిలినవి నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ఆయన నీళ్ళు పట్టి పరీక్ష చుక్కలు వేసి చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. కరెంటు పోలేదు, యంత్రం ఆగలేదు. చచ్చిన చేపను పట్టుకుని ఆయన "ఎందుకు పోయింది కన్యకా?" అన్నాడు. ఆ తర్వాతి వారం ఇంకోటి తేలినప్పుడు అదీ అనలేదు. "ఊఁ" అన్నాడు.

ఆ 'ఊఁ' నాకు కొత్త కాదు. కొట్టు పోయినప్పుడు ఇట్లాగే మొదలైంది. నీళ్ళలో తప్పు లేదు, యంత్రంలో తప్పు లేదు, అంటే తప్పు మనిషిలో ఉంది. మా సంసారం మీద ఎవరో చెయ్యి వేస్తున్నారు. ఎవరో పట్టుకుని, వాళ్ళ తాట తీస్తానని ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాను.

ముందు పక్కింటి పెరుమాళ్ మీద పడ్డాను. యంత్రం మోత వల్ల నిద్ర లేదని వచ్చి తగవు పెట్టుకున్నవాడు ఆయనే. గోడ మీదినుంచి ఒక మూత మందు పోస్తే చాలు కదా! నేను గోడ పక్కన బట్టలు ఆరేస్తున్నట్టు నటిస్తూ వారమంతా కాపలా కాశాను. తడిబట్టలు అయిపోతే పొడిబట్టలే మళ్ళీ తడిపి ఆరేశాను. చివరికి ఆయనే గోడ మీదినుంచి తొంగిచూసి, తనకొచ్చిన తెలుగులో అడిగాడు: "ఏమ్మా, ఒకే చీరను ఎన్నిసార్లు ఆరేస్తావు?"

"మీరు మా చేపల్నేమన్నా చేసినారా?" అని అడిగేశాను. దాపరికం నా వల్ల కాదు.

"శుక్రవారం వస్తే నేను తిరువొత్తియూరులో కూతురింటికి పోతాను గదమ్మా. సోమవారందా తిరిగి రావడం" అన్నాడు. నిజమే. శనివారాలు వాళ్ళింటికి తాళం ఉండటం నేనూ చూశాను. ఆ రోజునుంచి వాళ్ళావిడ నాకు ఇచ్చే మల్లెపూలు ఆగిపోయాయి.

ఇక మిగిలింది మేడమీద చంద్రు. భీమవరం వైపు పిల్లవాడు, సినిమా ఎడిటింగు గదిలో అసిస్టెంటు. మేడమెట్లు మా పెరట్లోంచే ఉన్నాయి. ఆదివారం వస్తే పైనుంచి చేపల పులుసు వాసన. చేపలు తెచ్చిన మొదటి రోజే "పిన్నిగారూ, చెన్నైలో ట్రౌటేంటండీ! మా గోదావరి చేపలకి ఏం తక్కువైందండీ?" అని పగలబడి నవ్వాడు. నవ్వినవాడే చేశాడని నా మనసు చెప్పింది. ఒక శనివారం పొద్దున చూద్దును కదా, తొట్టి మీదకు వంగి ఉన్నాడు. చేతిలో చచ్చిన చేప.

"దొరికినావు!" అన్నాను.

"ఏంటండీ?"

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరికీ తెలవదనుకున్నావా? నీళ్ళలో ఏం కలిపినావు? చచ్చినవాటిని పులుసు పెట్టుకుంటా ఉండావా?"

పిల్లవాడి మొహం పాలిపోయింది. చేపను మెల్లగా గట్టు మీద పెట్టాడు. "ఇది తేలుతుంటే తీశానండి. మా ఊళ్ళో చెరువులో చేప తేలితే ముందు నీళ్ళు చూస్తామండి. మనుషుల్ని తర్వాత చూస్తాం" అన్నాడు.

ఎంత పొగరు! నాకే పాఠాలు! నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమన్నాను. అద్దెకిచ్చే ఇళ్ళు ఊళ్ళో బోలెడున్నాయి, ఎక్కడైనా పోయి పులుసు పెట్టుకో అన్నాను. మా ఆయన పాలకూర మడి దగ్గరే నిలబడి అంతా విన్నాడు. ఔననలేదు, కాదనలేదు. అప్పుడు ఊఁ కూడా లేదు. వదిన మాత్రం వంటింటి కిటికీలోంచి, "బాగా చెప్పినావు. నీసు తినేవాళ్ళను మేడెక్కించినప్పుడే చెప్తి నేను" అంది. పెళ్ళయినప్పటినుంచి ఆమె నన్ను మెచ్చుకున్నది అప్పుడే. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

చంద్రు మరుసటి రోజే ఏదో సినిమా పనిమీద హైదరాబాదు పోయాడు. మేడగది తాళం, మెట్ల గేటు తాళం, రెండూ నేనే లాగి చూసుకున్నాను. ఇక నిశ్చింత అనుకున్నాను. శనివారం వచ్చింది. మూడు తేలాయి.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. బయటివాడు కాదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను కాదు. వదిన అయ్యే ప్రశ్నే లేదు, ఆమె చేపల తొట్టికి ఆమడ దూరం. శుక్రవారాలు తలస్నానం చేసి, తడిబట్టతో, మడి కట్టుకుని పెరట్లో తులసికోట దగ్గర పూజ చేసుకుంటుంది. ఆమె మడిలో ఉన్నంతసేపూ ఇంకెవరమూ పెరట్లో అడుగు పెట్టకూడదు, నీడ కూడా పడకూడదు. ఈ నియమం నా పెళ్ళికి ముందునుంచీ ఉంది. మడిలో ఉన్న మనిషి నీసు నీళ్ళ దరిదాపులకు పోతుందా? ఇక మిగిలింది మా ఆయనే. కట్టుకున్నవాడినే అనుమానించే గతి పట్టింది నాకు. స్తంభం చాటునుంచి ఆయన్ని చూశాను. తొట్టిలో చెయ్యి పెట్టి కూర్చున్నాడు. చేపలు వేళ్ళ మధ్యకు వచ్చి పోతున్నాయి. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

నన్ను చూసి చాలా రోజులకు ఒక మాట అన్నాడు. "మిగిలినవాటిని కార్తీకి ఇచ్చేద్దాం కన్యకా. నా చేతిలో ఏదీ నిలవదు."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కార్తీకి ఇచ్చేస్తే ఈయన మళ్ళీ కుర్చీలోకి పోతాడు. ఈసారి ఏ ఊటీ లేపదు. ఎవరి గొంతు పట్టుకోవాలో తెలియక మధ్యాహ్నమంతా ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తిరిగి తిరిగి చంద్రు అన్న మాట దగ్గర ఆగాను. ముందు నీళ్ళు చూస్తామండి. సరే, మనుషులు అయిపోయారు కదా, నీళ్ళే చూద్దాం అనుకున్నాను. తొట్టి అద్దంలా కనిపిస్తూనే ఉంది. ఎవరూ చూడనిది ఆ డ్రమ్ము లోపలే.

ఆయన నిద్రపోతున్నాడు. నేను కొంగు దోపి డ్రమ్ము మూత మీద చెయ్యి వేశాను. వంటింటి గుమ్మంలోంచి వదిన కేక: "దాని జోలికి పోవద్దు!"

"ఎందుకంటా?"

"ఎందుకో ఒకందుకు. పోవద్దంటే పోవద్దు. అంతా నీకే తెలిసినట్టు!"

ఆమె మొహం చూశాను. ఆమె నా కళ్ళలోకి చూడకుండా గబగబా పూజగదిలోకి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. మూత తీసి మోచేతిదాకా మట్టి గుళికల్లోకి దింపాను. మెత్తగా గుడ్డ తగిలింది. లాగితే పసుపు గుడ్డ మూట. దాని కిందే ఇంకో మూట, ఇంకోటి. విప్పితే కాలణాలు. పాత రాగి కాసులు. పూజగదిలో మా అత్తగారి నాటి పెట్టెలో ఉండేవి. ఎర్రటి కాసులు పచ్చటి చిలుం పట్టి, ఆ చిలుం గుడ్డలోంచి నీళ్ళలోకి కారుతోంది.

ఫోటో తీసి కార్తీకి పంపాను. నిమిషంలో ఫోను మోగింది. "అయ్యయ్యో అక్కా! ఎవరక్కా వేసింది? రాగి ఆ చేపలకు విషమక్కా! ఆ పరీక్ష చుక్కల్లో అది తేలదు. మన ఒంటికి మంచిదే గానీ, వాటి సెవుళ్ళకు, అదే మొప్పలకు, ఆగదు. ఊపిరి ఆడక చచ్చిపోతాయి. మొత్తం నీళ్ళు మార్చు, గుళికలన్నీ కడుగు, మిగిలినవి బతుకుతాయి" అన్నాడు.

దొరికింది! పెళ్ళయిన నాటినుంచి నా వంటకు, నా నడకకు, నా పుట్టింటికి వంకలు పెట్టిన మనిషి నా గుప్పెట్లో చిక్కింది. కాసులు కొంగున ముడేసుకుని పూజగదిలోకి దూసుకుపోయాను. ఆమె దీపం ముందు కూర్చుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, పసుపు గుడ్డలో ఇంకో కాసు మూట కడుతోంది. నన్ను చూసి దాచలేదు. దాచే ఓపిక ఉన్నట్టు లేదు.

"చూసినావా?" అంది. "డ్రమ్ము దగ్గర కోప్పడినానని అనుకోకు. ముడుపు కదిలిస్తే ఫలం పోతుంది."

"ఏం ముడుపు?"

"గంగమ్మకు. కొత్త నీళ్ళు వచ్చిన ఇంట గంగమ్మకు రాగి వెయ్యాల గదా, మా అమ్మ బావిలో వేసేది. వాడు ఊటీలో నోరు తెరిచినప్పుడే మొక్కుకున్నా, మళ్ళా వాడి నోరు మూతపడకూడదని. చేపలు కాస్త ఎదిగినాక మొదటి మూట వేసినా. చేప పోయినప్పుడల్లా నా మొక్కు చాలలేదని ఇంకొకటి కలుపుతా ఉండా. ఏందో, ఎంత వేసినా ఆ తల్లికి కనికరం రాలా." చేతిలో మూటకు ముడి బిగించింది. "శుక్రవారం మడిలో ఆ నీసు నీళ్ళలో చెయ్యి పెట్టి, మళ్ళా పోయి తలమీద చన్నీళ్ళు పోసుకుంటా. నాకేమైనా సరే, వాడు మాట్లాడితే చాలు."

డెబ్బై దాటిన మనిషి. మడి మైలపడుతుందని నా నీడ కూడా తగలనివ్వని మనిషి. శుక్రవారం రెండుసార్లు తలస్నానం ఎందుకో, నీళ్ళన్నీ ఖాళీ చెయ్యడానికే అనుకుని తిట్టుకునేదాన్ని. నా నోట్లో మాటలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. చంపింది మీరే వదినా. మీ చేత్తోనే. నోరు తెరిచాను.

"కన్యకా, ఆ డ్రమ్ము ఎందుకు తెరిచినావు? లోపల ఏంది?" వెనక గుమ్మంలో మా ఆయన.

నేను ఆయన మొహం చూశాను. ఈ మనిషి అక్కను తిట్టగలడా? జన్మలో ఒక్క ఎదురు మాట అనలేదు ఆమెను. అన్న కొట్టు లాక్కుంటే తలూపి వచ్చాడు, అక్క చేపల్ని చంపిందంటే ఇంకోసారి తలూపుతాడు. ఆ కోపం కూడా మింగి కుర్చీలో కూర్చుంటాడు. ఆమెకు ఇది తెలిసిన రోజే మంచం పడుతుంది. తిట్టలేని మనుషులు చేస్తేనే ఈయనకు చేటు. పెళ్ళాన్ని తిట్టడానికి మాత్రం ఏ మగవాడికీ అడ్డం లేదు కదా!

"నేనే" అన్నాను. "తప్పు నాదే. కార్తీ పెట్టిన ప్లాస్టిక్ కుళాయి కారతా ఉండాదని, ఇంట్లో ఉన్న పాత ఇత్తడి కుళాయి డ్రమ్ము లోపల నేనే బిగించినా. ఆ ఇత్తడి విషం నీళ్ళలోకి దిగి చేపలు పోయినాయంట. ఇప్పుడే తీసి బయట పారేసినా."

కొంగు ముడి గుప్పెట్లో బిగించి పట్టుకున్నాను. ఊఁ అంటాడేమో, ఊఁ అని పోతాడేమో.

"బుద్ధుందా నీకు?" అన్నాడు.

ఆ గొంతు పూజగదిలో గంటకు తగిలి మోగింది.

"బుద్ధుందా అంట! నన్ను అడగాలని తెలవదా? కళ్ళముందర ఒక్కొక్కటీ చస్తా ఉంటే నేను నా చెయ్యి మంచిది కాదని ఏడస్తా ఉండా! పెరుమాళ్‌ను అనుమానించినావు! ఆ చంద్రును దొంగను చేసి పొమ్మన్నావు! చేసేదంతా నువ్వు చేసి, ఊరందరి మీదా పడినావు! ఇంక ఆ డ్రమ్ము మీద, తొట్టి మీద నేను తప్ప ఇంకొక మనిషి చెయ్యి వేస్తే ఊరుకోను. అక్కా, నీకూ చెప్తా ఉండా, ఎవరినీ పోనీవద్దు ఆడికి!"

అక్కకు కూడా చెప్పాడు! వదిన మూట చేతిలో పట్టుకుని నోరు తెరిచి తమ్ముణ్ణే చూస్తోంది. చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి. ఆ మూట తీసుకుపోయి మెల్లగా దేవుడి పటం ముందు పెట్టి, దండం పెట్టి, నా వైపు తిరిగింది.

"మొదటినుంచీ నాకు నీ మీదే అనుమానం" అంది. "చెప్తే వాడు బాధపడతాడని ఊరకున్నా."

కొంగు ముడిలో కాలణాలు నడుముకు ఒత్తుకుంటున్నాయి. నా జీవితంలో నేను మాట్లాడకుండా ఉన్నది అప్పుడొక్కసారే.

"నిలబడి చూస్తావేంది? ముందు ఆ పిల్లోడికి ఫోను చెయ్! క్షమించమని అడుగు!" అని ఆయన గసిరి, బకెట్లు తన్నుకుంటూ పెరట్లోకి పోయి నీళ్ళు తోడడం మొదలుపెట్టాడు. తోడుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. నా వంశాన్ని, ఇత్తడి కుళాయిని, పనిలో పనిగా కొట్టు లాక్కున్న అన్ననూ పేరు పెట్టి తిట్టాడు. అన్నను తిట్టడం నేను వినడం అదే మొదలు.

నేను తొట్టి పక్కన నిలబడి చంద్రుకు ఫోను చేశాను. "నాయనా, తప్పు నాదే. నువ్వెక్కడికీ పోవద్దు. నీ గది నీదే" అన్నాను.

"అయ్యో, పర్లేదండి పిన్నిగారూ" అని ఆగాడు పిల్లవాడు. "అక్కడెవరండీ, అంతలా అరుస్తున్నారు?"

"మా ఆయన" అన్నాను. "నన్నే తిడతా ఉండాడు. వింటావా?" అని ఫోను ఆయన వైపు పట్టుకున్నాను.